ఆ పద్యం విన్నదెవరు?

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

పోతనగారి భాగవతంలో వామనుడి పద్యం. దొరికిన కొంచెమే పదివేలనుకుని తృప్తిపడనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా చాలవని. తృప్తి అన్న మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఎత్తుకునేవాళ్లకి కడుపు నిండే ఉంటుంది, గమనించారా? వినేవాళ్లు జీతం చాలనివాళ్లు. ఈ తంతు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్వర్గాన్ని లాక్కుని మూడు లోకాలూ ఏలుతున్న బలి 'మూడడుగులేనా, ఇంకేదైనా అడుగు' అన్నప్పుడు ఆ వటువిచ్చిన జవాబిది. చెప్పింది చేయి చాచినవాడు. విన్నది సింహాసనం మీదున్నవాడు. మనం దాన్ని తిరగేసి పట్టుకున్నాం.

మొదటి మాట దగ్గరే ఆగండి. 'వ్యాప్తిం బొందక'. ఆశ విస్తరించకుండా. ఉన్నది చాలక పక్కకి పాకాలంటే ముందు కాలు మోపే చోటైనా ఉండాలి కదా! ఏమీ లేనివాడు ఎక్కడికి వ్యాపిస్తాడు? వాడికి మిగిలేది రెండో మాట, 'వగవక'. విచారపడకుండా. మనవాళ్లు మొదటిది మింగేసి రెండోదే పంచిపెడతారు. పైగా ఈ మాట అన్న స్వామే కాసేపటికి ఇంతింతై బ్రహ్మాండమంతా వ్యాపించాడు, పోగొట్టుకున్నవాళ్లకి తిరిగి ఇప్పించడానికి.

దీనికి ముందు స్కంధంలోనే నారదుడు ధర్మరాజుకి చెప్తాడు: కడుపు నిండేంత మటుకే నీది, అంతకు మించి నాదనుకున్నవాడు దొంగ, దండనార్హుడు. అదీ రాజుకే. ఆ శ్లోకం మాత్రం ఎవరి నోటా వినపడదు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇంట్లో పనిచేసే ఆవిడ ఒకసారి జీతం పెంచమంటే, నవ్వుతూ ఈ పద్యమే చదివి తాత్పర్యం కూడా చెప్పాను. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ శ్రద్ధగా వింది.

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"సాక్షాత్తూ భగవంతుడే, బలిచక్రవర్తితో."

"రాజుగారితోనా" అని మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆవిడకి తృప్తి లేదని కాదు. రోజూ పనిలో దిగేముందు దేవుడి గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఆ మొహంలోని నిశ్చింత నాకు గంటసేపు పూజలో కూర్చున్నా దొరకలేదు. అది ఆవిడకీ దేవుడికీ మధ్య సంగతి. దాన్ని అడ్డం పెట్టుకుని జీతం దగ్గర చేయి బిగించడానికి నేనెవర్ని?

ఈసారి ఈ పద్యం నోటికొస్తే ఎదుటివాళ్ల వైపు చూడకండి. మీ బీరువా తలుపు తీసి, దానికెదురుగా నిలబడి చదవండి. మొదటి మాట మీద కాస్త ఎక్కువసేపు ఆగండి.