పుస్తకాల్లోని పెద్దవాళ్ళు

ఈ సంచికకు జ్ఞాపకాలు రాసి పంపమని అడిగినప్పుడు, ఆటల పోటీల గురించీ వార్షికోత్సవాల గురించీ నాకంటే బాగా రాయగలిగినవారు మనలో ఎందరో ఉన్నారు కనుక, పై తరగతుల్లో మనమంతా ఒకరి చేతినుంచి ఒకరం లాక్కుని చదివిన పుస్తకాల గురించి రాయాలని నిశ్చయించుకున్నాను. ఇటీవల వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ చదివాను. కథలు గుర్తున్నాయి, ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుందో కూడా చాలావరకు గుర్తుంది. అయితే ఆ రోజుల్లో పిల్లల వెంటే పరుగెత్తిన దృష్టి ఈసారి ఆ కథల్లోని పెద్దవాళ్ళ దగ్గర ఆగిపోతూ వచ్చింది.

మార్క్ ట్వేన్ రాసిన 'హకిల్‌బెరీ ఫిన్' 1884లో వెలువడింది. మనలో చాలామందిమి దాన్ని నండూరి రామమోహనరావు గారి తెలుగులో చదివాం. నది, తెప్ప, అడ్డు చెప్పేవాళ్ళు లేని రాత్రులు, ఇవే అప్పుడు మనకు కథ. బానిసత్వం నుంచి పారిపోతున్న జిమ్ ఆ తెప్ప మీద హక్‌కు తోడుగా ఉండే మంచి మనిషి, అంతే. ఇప్పుడు ఇంగ్లీషు మూలం చదువుతూ ఇరవై మూడో అధ్యాయం చివరకు వచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టవలసి వచ్చింది. తెల్లవారుజామున జిమ్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, దూరమైన భార్యాపిల్లల్ని తలుచుకుని కుమిలిపోతుంటాడు. జ్వరం వచ్చి తగ్గిన నాలుగేళ్ళ కూతురిని ఒకరోజు తలుపు వెయ్యమన్నానని, ఆ పిల్ల కదలకుండా తనవైపు చూసి నవ్వుతూ నిలబడితే కోపం పట్టలేక చెంపమీద కొట్టానని హక్‌కు చెబుతాడు. కాసేపటికి గాలికి ఆ తలుపు పిల్ల వెనకాలే దభాలున మూసుకుంటుంది, పిల్ల ఉలిక్కిపడదు. జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయిందని తండ్రికి అప్పుడు తెలుస్తుంది. పద్నాలుగేళ్ళ వయసులో చదివిన ఈ అర పేజీ నా జ్ఞాపకంలో లేనే లేదు. ఇప్పుడు నన్నడిగితే ఆ నవల మొత్తానికీ గుండెకాయ అదే అంటాను, ఎందుకంటే పిల్లల మీద చెయ్యెత్తిన ఏ పెద్దమనిషీ ఆ తలుపు చప్పుడును తేలిగ్గా దాటిపోలేడు.

'రైలుబడి' పేరుతో తెలుగులోకి వచ్చిన 'తొత్తోచాన్' సంగతి వేరు. రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న ఆ తోమోయె పాఠశాల మీద మనకెంత అసూయ కలిగిందో నాకిప్పటికీ గుర్తే. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి పెద్దయ్యాక రాసిన పుస్తకం అది. 1981లో జపాన్‌లో వెలువడింది. ఈసారి నేను చదివింది ప్రధానోపాధ్యాయుడు సోసాకు కొబయాషి కోసం. కొత్తగా చేరడానికి వచ్చిన ఒకటో తరగతి పిల్ల చెప్పే కబుర్లను ఆయన నాలుగు గంటలపాటు విసుగు లేకుండా వింటాడు. మరుగుదొడ్డిలో పడిపోయిన పర్సు కోసం ఆ పిల్ల గరిటె పట్టుకుని గుంటలోదంతా బయటికి తోడిపోస్తుంటే, పనయ్యాక అంతా తిరిగి లోపల వేసేస్తావు కదా అని మాత్రం అడిగి తన దారిన వెళ్ళిపోతాడు. చిన్నప్పుడు మనల్ని నవ్వించిన ఘట్టమిది. బడి నడపడమంటే ఏమిటో కొంత తెలిసిన ఈ వయసులో, ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోవడానికి ఎంత నిగ్రహం కావాలో అర్థమవుతుంది. ఎదుగుదల ఆగిపోయిన ఒక పిల్లవాడిని తరగతిలో నొప్పించే మాట అన్న ఉపాధ్యాయురాలిని ఆయన గట్టిగా మందలిస్తాడు, అదీ సహోద్యోగులుండే గదిలో కాదు, వంటగదిలో. మన బడిలో కూడా మన చెవిన పడకుండా, మన మేలు కోరి, ఇటువంటి మాటలు పెద్దల మధ్య ఎన్ని నడిచి ఉంటాయో! మొదటి బడి నుంచి తనను వెళ్ళగొట్టారన్న సంగతి ఆ పిల్లకు ఇరవయ్యేళ్ళు దాటేవరకు తల్లి చెప్పనే లేదు. ఆ తల్లి మౌనం కూడా నాకు ఇప్పుడే వినిపించింది.

లూయీసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' గురించి ఒక్క మాట చాలు. శాంతమూర్తి అనుకున్న తల్లి, నాకు దాదాపు ప్రతిరోజూ కోపం వస్తుంది, పైకి కనపడనివ్వకపోవడం మాత్రం నేర్చుకున్నాను అని కూతురు జోతో చెప్పే పేజీని ఇంటి బాధ్యత మోస్తున్న ప్రతివారూ మళ్ళీ చదవాలి.

అన్నిటికంటే ఎక్కువ కాలం నాతో నిలిచింది ఆన్ ఫ్రాంక్ డైరీ. నాజీల కంటపడకుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళకు పైగా దాక్కున్న ఎనిమిదిమందిలో ప్రాణాలతో మిగిలింది ఆమె తండ్రి ఒక్కరే. ఆయన పూనికతోనే 1947లో డైరీ అచ్చయింది. తల్లి మీద ఆమె రాసిన కఠినమైన మాటలు ఆ వయసులో మనకు మన మాటల్లాగే తోచాయి. ఇప్పుడు చదువుతుంటే, ఇరుకు గదుల్లో, బయటి అడుగుల చప్పుడుకు బెదురుతూ, కూతురి తిరస్కారాన్ని కూడా భరించిన ఎడిత్ ఫ్రాంక్ వైపు మనసు పోతుంది. ఆశ్చర్యమేమంటే, ఈ పని మనకంటే ముందు ఆన్ తానే చేసింది. 1944 జనవరి 2న పాత పేజీలు తిరగేస్తూ, అమ్మ గురించి ఇంత ద్వేషంగా రాసింది నేనేనా అని ఆమె నివ్వెరపోతుంది. పద్నాలుగేళ్ళకే తన పుస్తకాన్ని తాను పెద్దమనసుతో చదువుకున్న ఆ పిల్లకు, నాలాగా నడివయసులో దాన్ని మళ్ళీ తెరిచే అవకాశం దక్కలేదు. 1945లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో కన్నుమూసింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మొదటి ముద్రణలో తండ్రి విడిచిపెట్టిన భాగాలు, తల్లికి సంబంధించిన కొన్ని వాక్యాలతో సహా, తర్వాత వచ్చిన సమగ్ర ప్రతుల్లో చేరాయి. ఆ వాక్యాలను పక్కన పెట్టిన భర్త, తండ్రి ఏ మనఃస్థితిలో ఆ పని చేసి ఉంటాడా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. చనిపోయిన భార్య గౌరవాన్ని కాపాడుకున్నాడని నా అభిప్రాయం. అయినా కూతురు రాసినది రాసినట్టే అందరికీ అందడం న్యాయమనీ అనిపిస్తుంది. మన తరగతివాళ్ళలో సమగ్ర ప్రతిని చదివినవారెవరైనా ఉంటే, ముఖ్యంగా ఇప్పుడు ఎదిగిన పిల్లలున్న తల్లులు, దీని మీద ఏమనుకుంటున్నారో సమ్మేళనంలో కలిసినప్పుడు నాకు తప్పక చెప్పండి.