మా తాతగారి దస్తావేజు

మా తాతగారి పొలం దస్తావేజు తెలుగులో ఉంది. నిరుడు మా అమ్మాయి చేతికిచ్చి చదవమంటే, ఊరి పేరు దాకా కూడబలుక్కుని ఆగిపోయింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లే, కాని బడిలో నేర్చినవి ఒడియా, ఇంగ్లీషు అక్షరాలు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఇటువంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మా పెద్దలు ఎక్కడికీ తరలి వెళ్లలేదు; వారున్న ఊరే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి కొత్త రాష్ట్రంలో చేరింది.

అందుకే, 1848 నాటి గ్వాడలూపె హిడాల్గో సంధితో తమ నేల అమెరికాలో కలిసిపోయిన మెక్సికన్ల వారసులు ‘మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అంటారని చదివినప్పుడు, ఆ మాట మా వీధిలోనే ఎవరో అన్నట్టు తోచింది. ఆ వారసుల పిల్లలు తమ చరిత్రను చదువులోకి తెచ్చుకోవడానికి ఎంతో పోరాడవలసి వచ్చింది. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వేలాది హైస్కూలు విద్యార్థులు తరగతులు విడిచి బయటికి వచ్చారు; బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించడం వారి ఫిర్యాదులలో ఒకటి. అదే నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో నల్లజాతి, లాటినో, ఆసియా సంతతి, మూలవాసి విద్యార్థులు కలిసి మొదలుపెట్టిన సమ్మె నాలుగు నెలలకు పైగా సాగింది. దాని ఫలితంగానే 1969లో అక్కడ జాతుల అధ్యయనాలకు, అంటే ఇటువంటి వర్గాల చరిత్ర, సంస్కృతుల చదువుకు, ప్రత్యేక కళాశాల వెలిసింది.

గెలిచినది నిలుపుకోవడమూ తేలిక కాలేదు. 2010లో అరిజోనా రాష్ట్రం చేసిన చట్టం కారణంగా టూసాన్ బడులలోని మెక్సికన్ అమెరికన్ అధ్యయనాలు 2012 జనవరిలో ఆగిపోయాయి, కొన్ని పుస్తకాలను పెట్టెలలో సర్ది తరగతి గదుల నుంచి తీసుకుపోయారు. ఆ చట్టం అమలు వెనుక జాతి విద్వేషం ఉందని 2017లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి వాలెస్ తషీమా, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బాలుడిగా అదే అరిజోనాలో, జపాన్ సంతతి వారిని అమెరికా ప్రభుత్వం బంధించి ఉంచిన నిర్బంధ శిబిరంలో గడిపిన జపాన్ సంతతి వ్యక్తి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు మరో పని తోచలేదు.

పిల్లల సొంత భాష, చరిత్ర వారి చదువులో ఉండాలన్నది మా ఊరికి కొత్త ఆలోచనేమీ కాదు. సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు వాచకాలు రాసింది ఇక్కడి నుంచే. మా కళాశాలల్లో చదివే తెలుగు, సవర, ఒడియా పిల్లలందరికీ ఈ సరిహద్దు చరిత్ర ఒక పాఠ్యాంశంగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇంటింటా పెట్టెల్లో ఉన్న కాగితాలే దానికి మొదటి పుస్తకాలు కాగలవు.

ఈ వేసవి నుంచి మా అమ్మాయి రోజూ సాయంత్రం ఆ దస్తావేజు తెరుస్తోంది. నిన్న చెక్కుబందీ దాకా వచ్చి, తూర్పున చెరువు గట్టు, దక్షిణాన బండి బాట అని చదివి, ఆ గట్టు ఇప్పుడు ఎక్కడుందని అడిగింది.