1.17 మిల్లీమీటర్లు

పాత విద్యార్థులం కలిసే రోజు సంచికకి రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. హాస్టల్ సంగతులు, ఎన్నికల గొడవలు రాయడానికి చాలామందే ఉన్నారు. నేను మాత్రం మన ఆప్టిక్స్ మాష్టారి గురించీ, మనం టెలిస్కోపు అద్దం చేసిన నీళ్ల ట్యాంకు పక్క గది గురించే రాస్తాను.

బోర్డు మీద ఆ లెక్క గుర్తుందిగా! అద్దం వ్యాసం 150 మి.మీ., నాభ్యంతరం 1200, వక్రతా వ్యాసార్ధం 2400. వ్యాసంలో సగం 75; దాని వర్గాన్ని 2400కి రెట్టింపైన 4800తో భాగిస్తే 1.17. గుంట మధ్యలో అంత లోతు రావాలి. "లెక్క అయింది, సాయంత్రం పైకి రండి" అనేవారు.

పైన డ్రమ్ము మీద ఒక గాజు బిళ్ల, దాని మీద ఇంకోటి, మధ్య 80 నంబరు కార్బోరండం అనే గరుకు పొడి, కాసిని నీళ్లు. వ్యాసంలో మూడో వంతు మేర ముందుకీ వెనక్కీ తోయాలి, బిళ్లని కాస్త తిప్పాలి, డ్రమ్ము చుట్టూ ఓ అడుగు జరగాలి. పై బిళ్ల అంచు దాటి బయటికొచ్చినప్పుడు ఒత్తిడి దాని నడుమ మీదా, కిందిదాని అంచు మీదా పడుతుంది. అందుకే పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ (మందం తెలిసిన సన్నటి) రేకులు దూర్చి 1.17 పట్టిందంటే 80 ఆపేయాలి. తర్వాత ఒకదాన్ని మించి ఒకటి సన్నటి పొడులు: 120, 220, 320, 500. నంబరు మారినప్పుడల్లా బకెట్, గోళ్లు, చొక్కా చేతులూ కడిగించేవారు. 500 దగ్గర 80 గింజ ఒక్కటి పడినా గీత లోతుగా దిగుతుంది, పాలిష్‌తో పోదు, మళ్లీ వెనక నంబర్లకి వెళ్లాల్సిందే.

పాలిష్‌కి సీరియం ఆక్సైడ్ పొడి, తారులాంటి పిచ్‌తో చేసిన పలక. పిచ్ గట్టిదైతే గీతలు, మరీ మెత్తదైతే ఆకారం నిలవదు. బొటనవేలి గోటితో నొక్కితే మెల్లగా నొక్కు పడాలి.

అసలు రోజు, బ్లేడు నీడతో అద్దం ఆకారం చూసే ఫూకో పరీక్ష రోజే. దీపం, బ్లేడు కలిసి జరిగే స్టాండు అద్దానికి 2400 దూరంలో. వెలుగుకి బ్లేడు అడ్డం జరుపుతుంటే, గోళాకారమైతే అద్దమంతా ఒక్కసారే మసకబారుతుంది. మనకి కావలసిన పరావలయమైతే నడుమ భాగం మసకబారేటప్పుడు బ్లేడు ఉండే చోటు వేరు, అంచుకి వేరు. ఆ రెంటి మధ్య దూరం ఎంతుండాలని అడిగి, ఆయనే సుద్దముక్కతో గోడ మీద రాశారు: 75 వర్గం, కింద 4800. అదే 1.17! క్లాసులో లోతుగా చూసిన అంకె, చీకట్లో బ్లేడు నడవాల్సిన దూరమై వచ్చింది. ఆ సాయంత్రం ఎవరూ కిందికి దిగలేదు.

తర్వాత అద్దం మీద బొటనవేలు కాసేపు ఆనించి చూపించారు. అక్కడ గాజు వేడికి ఉబ్బి, బ్లేడు నీడలో గుట్టలా లేచింది. పని ఆపిన వెంటనే కొలిస్తే చేతి వేడినే కొలుస్తాం, అద్దాన్ని కాదు.

ఆ గదిలోంచి వచ్చినవాళ్లలో ఇద్దరు ఈరోజు అద్దాల పనిలోనే ఉన్నారు. ఇంకొకరు ఇదే లెక్కని తమ క్లాసులో రాస్తున్నారు. మాష్టారికి ఈ మాట ఎవరైనా చేరవేయండి.

కలిసే రోజుకి టెలిస్కోపు ట్యూబు కిందికి దించండి. అద్దం మీది అల్యూమినియం పూత పోయే ఉంటుంది, గుడ్డతో మాత్రం తుడవకండి. గాజు బాగానే ఉంటుంది, పాత పూత కరిగించి కొత్తది వేయించవచ్చు. రాత్రి చూసే ముందు గంటసేపు బయటే ఉంచండి.