మందు మాన్పించే మందు, మా ఇంటి సాంబారు

తెలుగులో దానికీ మందే, దీనికీ మందే. మెడికల్ షాపులో నేను "మందు మాన్పించే మందు ఉందా?" అని అడిగితే కౌంటర్లో కుర్రాడు నవ్వాడు. చీటీ అడగలేదు. డైసల్ఫిరామ్ షీటు ఒకటి చేతిలో పెట్టి, "పొడి చేసి కూరలో కలిపేయండి, తెలీదు" అని సలహా కూడా తనే ఇచ్చాడు. నాలుగేళ్ల కిందటి మాట ఇది. కలిపింది నేను, తిన్నది మా అన్నయ్య.

అప్పటికి అన్నయ్య పళ్లు తోముకోకముందే క్వార్టర్ సీసా వెతుక్కునే స్థితికి వచ్చాడు. వదిన పుస్తెలతాడు తాకట్టులో ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మధ్యాహ్నం సాంబారులో ఒకటి, రాత్రి సాంబారులో ఒకటి కలిపాం. మర్నాడు పొద్దున్నే బెల్టు షాపు దగ్గర పడిపోయాడని కబురొచ్చింది. వెళ్లేసరికి మొహం కందగడ్డలా ఉంది, వాంతులు, గుండె దడదడలాడుతోంది, బీపీ పడిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టాడు. సాయంత్రానికి తేరుకున్నాడు గానీ ఆ పూట నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ మాత్ర చేసే పని అదే అని తర్వాత తెలిసింది. తాగిన ఆల్కహాల్ లివర్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ తర్వాత ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టి పారేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది, విషం ఒంట్లోనే పేరుకుపోతుంది. అసలిది రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనమట, 1940లలో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని తాగుడు మాన్పించే మందుగా మలిచారు. మింగేవాడికి తెలిసి, ఒప్పుకుని, మానేశాక మింగితే అది కాపలాగా పనిచేస్తుంది. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. తెలియకుండా పెడితే అది విషం పెట్టడమే, గుండె జబ్బున్న మనిషైతే ప్రాణమే పోవచ్చు. గోడల మీద "తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని రాసి అమ్మే పొడుల్లో ఏముంటుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతకీ అన్నయ్య ఏం నేర్చుకున్నాడంటే, ఆ బ్రాండు కల్తీదని. బ్రాండు మార్చాడు.

ఆ ఏడు కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తానన్నాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మా వైపు చాలామంది ఆ నలభై ఒక్క రోజులైనా మానేస్తారు, అన్నయ్య కూడా ఐదేళ్ల ముందు అలాగే చక్కగా ఉన్నాడు, కానీ అప్పుడు వారానికి రెండుసార్లు తాగేవాడు, ఇప్పుడు పొద్దున్నుంచీ తాగుతున్నాడు, ఆ తేడా మాకెవరికీ తట్టలేదు. మొదటి రోజు చేతులు వణికాయి, ఒకటే చెమటలు. రెండో రోజు ఫిట్స్ వచ్చింది. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని గిల్లి పారేస్తున్నాడు, చనిపోయిన నాన్నతో మాట్లాడుతున్నాడు. స్వామి పూనాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు. మా చిన్నత్త ఒక్కతే "ముందు ఆసుపత్రికి పదండిరా" అని ఆటో పిలిచింది.

"మానేస్తే కూడా చచ్చిపోతారా సార్?" అని డాక్టరు గారిని అడిగాను. "రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొందరు చచ్చిపోతారు" అన్నారాయన. ఏళ్ల తరబడి మద్యం మెదడును ఒకవైపు లాగుతుంటే మెదడు రెండోవైపు లాగుతూ నిలబడుతుంది. తాడాటలో అవతలివాళ్లు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే ఇవతలివాళ్లు వెల్లకిలా పడతారే, అలా అన్నమాట. అందుకే మొదటి వారం మెదడును శాంతపరిచే లొరాజిపామ్ లాంటి మందులు ఇచ్చి, రోజుకింత చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. దాంతోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్లు. బి1 ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఒంట్లో మిగిలిన ఆ కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చట. మా ఆర్‌ఎంపీ పెట్టిన సీసాలో ఏముందో నేనైతే చూడలేదు.

2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఇలాగే పోటెత్తారు. తెలంగాణలో కొన్ని కల్లు దుకాణాల్లో అల్ప్రాజోలమ్, డయాజిపామ్ అనే మత్తు మందులు కలుపుతారు, ఆ కల్లుకు అలవాటు పడ్డవాళ్లది మరీ ఘోరం.

పది రోజులకు వణుకు పోయింది. మేం అక్కడితో అయిపోయిందనుకున్నాం. అసలు వైద్యం అప్పుడే మొదలైంది. మందు మీదికి మనసు లాగకుండా వేరే మాత్రలుంటాయి. లివర్ పరీక్షలు బాగా లేవని అకాంప్రోసేట్ రాశారు, అది లివర్ మీద భారం వేయదు, కిడ్నీల ద్వారా పోతుంది, అందుకని ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశారు. 333 మిల్లీగ్రాములవి, పూటకు రెండు, రోజుకు ఆరు. వదిన డబ్బాలో సర్ది పెట్టేది, మధ్యాహ్నం పొలం దగ్గర మాత్రం మర్చిపోయేవాడు.

సంక్రాంతికి మళ్లీ తాగాడు. నేను డాక్టరు దగ్గర తల దించుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం "షుగర్ పేషెంటు పండక్కి నాలుగు అరిసెలు తింటే ఇన్సులిన్ ఆపేస్తామా?" అని, అప్పటికి లివర్ కుదుటపడింది కాబట్టి నాల్ట్రెక్సోన్‌కు మార్చారు. 50 మిల్లీగ్రాములు, రోజుకొకటి. తాగినప్పుడు వచ్చే హుషారును అది అడ్డుకుంటుంది. "తాగినా ఎక్కట్లేదురా, డబ్బు దండగ" అన్నాడు ఒకసారి. ఆ మాటకు వదిన నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో. అయితే అది వాడేవాళ్లకు మార్ఫిన్ జాతి నొప్పి మందులు పనిచెయ్యవు, యాక్సిడెంట్ అయితే డాక్టర్లకు తెలియాలి కదా, పర్సులో చీటీ పెట్టుకోమన్నారు.

హెరాయిన్, నొప్పి మాత్రల్లాంటి వాటికి అలవాటు పడ్డవాళ్లకు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఉంది, అది మామూలు షాపులో దొరకదు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే ఇస్తారు. గంజాయికి మాత్రం ఆమోదం పొందిన మందే లేదు, కౌన్సెలింగే దిక్కు.

ఆసుపత్రికి ముందు ఒక ప్రైవేటు సెంటరు కూడా చూశాం. కిటికీలకు కమ్మీలు, లోపల ఎవరో "అన్నా, నన్ను తీసుకుపో" అని అరుస్తున్నారు, డాక్టరు ఎప్పుడొస్తారంటే సమాధానం లేదు. వెనక్కి వచ్చేశాం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. రోగిని కొట్టడానికీ గొలుసులు వేయడానికీ ఎవరికీ హక్కు లేదు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేసి అడగండి, మాకప్పుడు ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు.

అన్నట్టు సాంబారు సంగతి. ఆసుపత్రిలో "ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?" అని అడిగినప్పుడు, అన్నయ్య ఎదురుగానే చెప్పేశాను. డాక్టరు గారు నాకు ఒక క్లాసు పీకారు. అన్నయ్య ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. మానేసి ఇప్పటికి పద్నాలుగు నెలలు. మాత్ర నా చేత్తో ఇచ్చినా వేసుకుంటాడు, షీటు వెనక పేరు చూసుకుని మరీ. సాంబారు మాత్రం గిన్నె దగ్గరికి లాక్కుని తనే వడ్డించుకుంటాడు.