మూడంగుళాలు తక్కువైన నా డిజైన్ వాల్

నా మొదటి పెద్ద క్విల్ట్‌కి, అంటే ముక్కలు అతికి కుట్టే బొంతకి, 36 బ్లాకులు (గుడ్డ ముక్కలతో కుట్టిన చదరాలు) కుట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఏది ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఇంకో నాలుగు పట్టేలా కనిపించింది. మంచం మీద పరిస్తే రాత్రికి తీసేయాలి. నేల మీద పరిస్తే దాటుకుంటూ నడవాలి. ఒకసారి ఎవరో తలుపు తోస్తే ఆ గాలికి ఒక మూల మొత్తం చెల్లాచెదురైంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, నేల మీద ఉన్నదాన్ని నిలబడి చూస్తే కాళ్ల దగ్గరి బ్లాకులు పెద్దగా, అవతలి వరుసలవి చిన్నగా కనిపిస్తాయి. మొత్తం బొమ్మ ఎప్పుడూ కంటికి ఆనదు. కుర్చీ ఎక్కాను, తర్వాత స్టూలు ఎక్కాను. "అమ్మా, పడ్డావంటే కుట్లు బట్టకి కాదు, నీకు పడతాయి" అని మా అమ్మాయి కేకలేస్తే దిగాను.

ఇక డిజైన్ వాల్ చేసుకోవాల్సిందే అనుకున్నాను, అంటే బ్లాకుల్ని నిలువుగా పెట్టి దూరం నుంచి చూసుకునే గోడ. మొదట తేలిక దారి చూసుకున్నాను. ఒక కాటన్ దుప్పటిని గోడకి టేపుతో అంటించి, దాని మీద ఒక బ్లాకుని అదిమాను. చెయ్యి తీయగానే జారి పడింది. గుండుసూది గుచ్చుదామంటే వెనక గట్టి గోడ, సూది వంగిపోయింది. నున్నటి బట్ట మీద నున్నటి బట్ట నిలవదని అప్పుడు అర్థమైంది. కింద ఉన్న బట్టకి నూగు ఉండాలి. ఆ నూగు బ్లాకు బట్ట పోగుల్ని పట్టుకుంటుంది. అందుకే దీనికి ఫ్లానెల్ వాడతారు. క్విల్ట్ లోపల పెట్టే మెత్తటి పొర, బ్యాటింగ్ కూడా పనికొస్తుంది. టేబుల్ మీద వేసే ప్లాస్టిక్ గుడ్డకి అడుగున నూగు ఉంటే, దాన్ని తిప్పి తగిలించినా సరిపోతుంది.

ఫ్లానెల్ కొనేటప్పుడు ఒక బ్లాకు సంచిలో వేసుకుని వెళ్లాను. కొట్టతన్ని బట్ట నిలువుగా పట్టుకోమని, బ్లాకుని దాని మీద పెట్టి అరచేత్తో పైనుంచి కిందికి రాశాను. రెండు రకాల మీద అది మెల్లగా జారింది. మూడోదాని మీద అలాగే ఉండిపోయింది. ఆ మూడోదాన్నే లేత బూడిద రంగులో తీసుకున్నాను. తెలుపైతే నా బ్లాకుల్లోని తెల్ల ముక్కలు అందులో కలిసిపోతాయి, పూలూ చారలూ ఉన్నదైతే కన్ను అటే పోతుంది.

వెనక బలానికి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, అంగుళం మందం ఉన్న గట్టి థర్మోకోల్ షీట్లు రెండు తెచ్చాను. పక్కపక్కన పెడితే 72 అంగుళాల చదరం. నా లెక్క అరలు వేసినంత శుభ్రంగా ఉంది: ఒక్కో బ్లాకు 12 అంగుళాలు, వరుసకి 6, మొత్తం 72. సరిగ్గా సరిపోయిందని మురిసిపోయాను.

తర్వాత చేసిన తప్పు చెప్పుకోవడానికి కూడా సిగ్గే. బట్ట ముడతల్లేకుండా అతకాలని స్ప్రే జిగురు కొట్టాను. రెండు నిమిషాల్లో షీటు మీద చీమలు తొలిచినట్టు గుంటలు పడ్డాయి. అలాంటి జిగురుల్లో చాలావాటికి థర్మోకోల్‌ని కరిగించే ద్రావకం ఉంటుంది. డబ్బా మీద ఆ సంగతి రాసే ఉంది, చదివింది మాత్రం గుంటలు పడ్డాకే. నయం, మూలన మొదలుపెట్టాను. ఆ వైపుని వెనక్కి తిప్పేశాను.

అసలు జిగురే అక్కర్లేదు. పుస్తకానికి అట్ట వేసినట్టు వేస్తే చాలు. ఫ్లానెల్‌ని ఇస్త్రీ చేసి, నూగు వైపు నేలకి ఆనేలా పరిచి, దాని మీద షీటు పెట్టి, అంచుల్ని వెనక్కి మడిచి వెడల్పాటి ప్యాకింగ్ టేపు వేశాను. బట్ట వెడల్పు 44 అంగుళాలు. షీటుకి 36, రెండు పక్కల మందానికి 2 పోగా, మడవడానికి పక్కకి మూడేసి అంగుళాలు మిగిలాయి. ముందే ఉతికి ఉంటే ఫ్లానెల్ కుంచించుకుపోయి అదీ మిగిలేది కాదు. ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో టేపు ముక్క వేసి, అక్కడి నుంచి మూలలకి లాక్కుంటూ పోవాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే అవతలి మూలకి ముడతలన్నీ చేరతాయి. మొదటి షీటుకి గంటన్నర పట్టింది, రెండోదానికి ఇరవై నిమిషాలు.

రెండిటినీ గోడకి ఆనించి బ్లాకులు పెట్టడం మొదలుపెట్టాను. ఐదు పెట్టాక ఆరోది మూడంగుళాలు బయటికి వేలాడింది. అదే టేపుతో మూడుసార్లు కొలిచాను. కుట్టక ముందు బ్లాకు 12 కాదు, 12.5 అంగుళాలు! నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోయేది ఇంకా పోలేదు కదా. ఆరు బ్లాకులకి 75 అంగుళాలు. ఇన్నాళ్లూ పావు అంగుళం కొలిచి కొలిచి కుట్టిన నేనే దాన్ని మర్చిపోయాను. చివరికి ఒక బ్లాకు అంచు మీదికి పక్కది అర అంగుళం ఎక్కించి సర్దాను. దానివల్ల ఒక మేలు కూడా జరిగింది: మొత్తం కుట్టాక ఎలా ఉంటుందో దానికి దగ్గరగా కనిపించింది. కానీ ఎవరైనా కొత్తగా చేసుకుంటుంటే ప్రతి వైపూ అరడుగు ఎక్కువే పెట్టుకోండి. బార్డర్ బట్టలు పక్కన పెట్టి చూడటానికైనా చోటు కావాలి.

ఫ్యాన్ వేస్తే పైవరుస రెపరెపలాడింది. కుట్లు ఎక్కువ ఉన్న బరువైన బ్లాకులకి పైన ఒక్కో గుండుసూది గుచ్చాను. థర్మోకోల్‌లోకి వెన్నలో దిగినట్టు దిగింది.

గదికి ఆ చివర నిలబడి చూస్తే, నెల రోజులుగా నేల మీద కనపడనివి కనిపించాయి. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీశాను. రంగులు పోయి ముదురు, లేత మాత్రమే మిగిలాయి. ఎడమ కింది మూల నల్లటి మడుగులా ఉంది. నేను వేరువేరనుకున్న ఎరుపు, ఆకుపచ్చ బ్లాకులు ఫోటోలో ఒకే బూడిద రంగు! నాలుగు రోజులు వెళ్తూ వస్తూ ఒక్కోటి మారుస్తూ పోయాను. దంతధావనం చేసుకుంటూ మార్చినవే బాగా కుదిరాయి.

కుట్టేటప్పుడు ప్రతి బ్లాకుకీ వరుస నంబరు, స్థానం రాసిన చిన్న చీటీ పైఅంచున గుచ్చాను. గోడ మీంచి ఒక్క వరుసే తీయడం, కుట్టి మళ్లీ అక్కడే పెట్టడం. అయినా నాలుగో వరుస తిరిగి పెట్టి చూస్తే ఒక బ్లాకు త్రిభుజం తలకిందులుగా ఉంది. చీటీ ఊడితే కింద అంచుకి గుచ్చినట్టున్నాను. రెండు కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. అది కూడా గోడ మీద ఉంది కాబట్టే దొరికింది, లేకపోతే క్విల్ట్ మొత్తం పూర్తయ్యాక మా అమ్మాయే చూపించేది.