38 డాలర్ల హోల్డు

పోయిన నెల మా కాలేజీలో డీన్లకీ, డిపార్ట్‌మెంట్ చెయిర్లకీ రెండ్రోజుల ట్రైనింగ్ పెట్టారు. టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ మాది, అంటే రెండేళ్ళ డిగ్రీలూ, సర్టిఫికెట్లూ ఇచ్చే కాలేజీ. పేరెందుకులెండి. లెక్కల డిపార్ట్‌మెంట్ నా నెత్తిన పడి నాలుగేళ్ళయింది. లీడర్‌షిప్ ట్రైనింగ్ అంటే గోడకి రంగు కాగితాలు అతికించడం, చల్లారిన శాండ్‌విచ్ తినడం అని నాకు గట్టి నమ్మకం. అందుకే దిద్దాల్సిన పేపర్ల కట్ట కూడా పట్టుకెళ్ళాను.

కట్ట విప్పలేదు.

పొద్దున్నే ట్రైనర్ గారు మా అందరి ల్యాప్‌టాప్‌లు మూయించి తలా ఒక కార్డు ఇచ్చారు. నా కార్డులో ఉన్నది: వయసు 24, గోడౌన్‌లో నైట్ షిఫ్ట్, మూడేళ్ళ క్రితం చదువు ఆపేశావు, చేతిలో ఫోన్ ఒక్కటే, వచ్చే సెమిస్టర్‌కి రిజిస్టర్ అవ్వు. ఒకప్పుడు మా దగ్గర చదివిన అమ్మాయి ఫైలే అది, పేరు తీసేశారంతే.

పాస్‌వర్డ్ మార్చడానికే ఇరవై నిమిషాలు పట్టింది. లోపలికి వెళ్తే ఎర్రక్షరాలు: "మీ అకౌంట్‌పై హోల్డు ఉంది." అంటే రిజిస్ట్రేషన్ ఆపేశారని. ఎందుకో లేదు. ఫీజుల కౌంటర్‌కి వెళ్తే లైబ్రరీ బాకీ అన్నారు. లైబ్రరీలో అడిగితే పుస్తకం ఎప్పుడో వచ్చేసింది, డబ్బు ఫీజుల కౌంటర్‌లోనే కట్టాలి అన్నారు. బాకీ 38 డాలర్లు. నేను చెయిర్‌నని తెలిసి కూడా నన్ను రెండు బిల్డింగుల మధ్య తిప్పారు. రాత్రంతా పెట్టెలు మోసొచ్చిన పిల్ల ఎన్నిసార్లు తిరుగుతుంది?

డిగ్రీ అయ్యాక టీసీ కోసం నో డ్యూస్ కాగితం పట్టుకుని నేనూ ఇలాగే తిరిగాను. కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ పగిలిన పిపెట్ పేరు చెప్పి సంతకం మూడు రోజులు ఆపాడు. నాది బీఎస్సీ మ్యాథ్స్, పిపెట్ పగలగొట్టింది నా పార్ట్‌నరు. అయినా అప్పటికి నా చదువు అయిపోయింది. ఈ అమ్మాయి చదువు అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం న్యూయార్క్ సంగతి చెప్పారు. అక్కడి సిటీ యూనివర్సిటీ 2007లో ఏశాప్ అనే పథకం మొదలుపెట్టింది. బస్సు, రైలు కార్డు, పుస్తకాల ఖర్చు కాలేజీదే. అడ్వైజర్ దగ్గర కొద్దిమందే ఉంటారు, తరచూ కలవాలి. మూడేళ్ళకి పథకంలో ఉన్నవాళ్ళలో 40 శాతం డిగ్రీ పూర్తి చేస్తే, లేనివాళ్ళలో 22 శాతమే చేశారు. బస్సు కార్డుకీ డిగ్రీకీ సంబంధమేంటని వెనక నుంచి ఒకాయన అడిగాడు. ఆయన పార్కింగ్ స్థలం మీద ఆయన పేరు రాసి ఉంటుంది మరి.

ఇంత ప్రేమ ఇప్పుడే ఎందుకు పుట్టుకొచ్చిందంటే, 2023లో టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలకి రాష్ట్రం డబ్బిచ్చే చట్టం మార్చింది. ఇదివరకు ఎక్కువగా క్లాసుల గంటలు లెక్కగట్టి డబ్బిచ్చేవారు. ఇప్పుడు ఎంతమంది సర్టిఫికెట్ తీసుకున్నారు, ఎంతమంది యూనివర్సిటీకి మారారు అన్నది చూస్తున్నారు. డబ్బు కోసమైతేనేం, ఆ అమ్మాయి ఫైలు ఎవరో ఒకరు తెరిచారు.

ట్రైనింగ్ అయిన మర్నాడే పైకి మెయిల్ పెట్టాను: వంద డాలర్ల లోపు బాకీలకి రిజిస్ట్రేషన్ ఆపొద్దని. వెంటనే జవాబొచ్చింది, చాలా మంచి ఆలోచన, కమిటీకి పంపామని. కమిటీ నవంబరులో కూర్చుంటుందట. రిజిస్ట్రేషన్ మొదలయ్యేది అక్టోబరులో.