నికోటిన్ గమ్, మిల్లు చాయ్, నేను

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పని నాది. పదిహేనేళ్ల నుంచి రోజుకు పది సిగరెట్లు, సీజన్‌లో లారీలు వరుస కడితే పెట్టె దాటేది. మొన్న యాసంగి ధాన్యం అయిపోగానే ఇక మానేద్దామని మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ తెచ్చుకున్నా.

మొదటి వారం అంతా తప్పే చేశాను. మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలేసరికి ఎక్కిళ్లు, కడుపులో మంట, సిగరెట్ మీదికి గుంజుడు మాత్రం అట్లనే ఉంది. ఇదంతా దండగ అనుకొని మూడో రోజే పాన్ డబ్బాకు పోయి ఒకటి అంటించాను కూడా. ఫార్మసీ చదివే మా అక్క కొడుకు ఫోన్‌లో విని, "చాయ్ తాగుతూ నములుతున్నవా మామా?" అన్నాడు. మిల్లులో చాయ్ లేకుండా ఎట్లా మరి! నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి సరిగ్గా ఎక్కదట. చాయో కాఫీయో కూల్‌డ్రింకో తాగితే పావుగంట ఆగి, మెల్లగా నమిలి, నాలుకకు చురుక్కుమనగానే బుగ్గలో ఓ పక్కన పెట్టుకొని ఊరుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అట్లా చేసిన రోజు నుంచి తేడా తెలిసింది.

అయినా పొద్దున లేవగానే ప్రాణం లాగేసేది. రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగమవుతుంది కాబట్టి రాత్రి నిద్రలో అంతా దిగిపోతుందట. మా అక్క కొడుకే ఒరెక్సిన్ అనేదాని సంగతి కూడా చెప్పాడు. 1998లో కనిపెట్టిన ఈ పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రోటీన్ ముక్క లాంటి దాన్ని, మెదడులో కొన్ని కణాలే తయారుచేస్తాయి, మనల్ని మెలకువగా ఉంచడంలో, ఆకలి పుట్టించడంలో దాని చెయ్యి ఉంది. 2008లో అచ్చయిన ఒక ప్రయోగంలో అది పనిచేసే చోటును అడ్డుకుంటే ఎలుకలు నికోటిన్ కోసం మీట నొక్కడం తగ్గించాయట. "మరి నాకేదిరా ఆ మందు?" అంటే, "అవి ఎలుకలు మామా" అని నవ్వాడు.

మందు సంగతి పక్కన పెట్టి, ఆశ పుట్టే చోటే మార్చేశాను. డబ్బా దగ్గరి చాయ్ మానేసి హమాలీలతో పాటు గోదాము నీడలో తాగేవాణ్ణి, వాళ్లలో ఇద్దరు బీడీలు తాగుతారని తెలిశాక అక్కణ్నుంచి కూడా లేచి కాంటా రూములోకి.

ఏడు నెలలైంది. మూడో నెలలో గమ్ కూడా ఆపేశాను, వానాకాలం ధాన్యం సీజన్ అది లేకుండానే గడిచింది. డ్రైవర్ ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే మాత్రం ఇప్పటికీ తల అటే తిరుగుతుంది.